ఇంటి వర్క్‌షాప్, పాఠం 4: ఉలి కొనడం, నూరడం, చేత పట్టడం

పోయిన మూడు పాఠాల్లో కొలవడం, మూలమట్టం పెట్టి గీత గీయడం, రంపంతో ఆ గీత పక్కనే కోయడం చూశాం. రంపం మీ మాట వింటోంది, పక్కకి పోకుండా నిటారుగా దిగుతోంది అంటే ఇక ఉలికి రావచ్చు. ఇంకా వంకరపోతుంటే ఈ పాఠం చదివి పెట్టుకోండి, కొనడానికి తొందరేం లేదు, రంపం చేసిన తప్పుని ఉలితో దిద్దుకుంటూ పోతే చెక్క తరిగిపోతుందే తప్ప జాయింట్ బిగుసుకోదు.

అన్నిటికంటే ముందు ఒక్కటి బుర్రలో పెట్టుకోండి. కొత్త ఉలి పదునైన ఉలి కాదు. ప్యాకెట్లోంచి తీసిన ఉలి సగం తయారైన పనిముట్టు, మిగతా సగం మీరే చెయ్యాలి. ఈ సంగతి ఎవరూ చెప్పక చాలామంది "నాకు చెక్కపని రాదు" అని మానేస్తారు, వాళ్ళకి రానిది చెక్కపని కాదు, వాళ్ళ చేతిలో ఉన్న ఉలికి పదును లేదు, అంతే.

నాకిది దెబ్బ తగిలాకే తెలిసింది. మొదట ఆరు ఉలుల సెట్టు కొని ఒక్కదాన్నీ నూరకుండా పనిలోకి దిగాను. మెత్తటి పైన్ ముక్క కొస మీద పెట్టి తోస్తే తెగట్లేదు, నార నలిగి పొడిపొడిగా రాలుతోంది, తెగట్లేదు కదా అని ఇంకా గట్టిగా తోశాను, ముక్కేమో ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాను, ఉలి జారి బొటనవేలి కింద కండలో దిగింది. మచ్చ ఇప్పటికీ ఉంది. పదునున్న ఉలికి తక్కువ బలం చాలు, తక్కువ బలంతో తోసే చెయ్యి ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగుతుంది. అందుకే మొద్దు ఉలి అంటేనే నాకు భయం, పదునైనదంటే కాదు.

సరే, కొనడం. పది పన్నెండు ఉలుల సెట్టు వద్దు. 6, 12, 25 ఎమ్ఎమ్, ఈ మూడూ ఉంటే ఇంటి పని చాలావరకు అయిపోతుంది, తర్వాత ఎప్పుడైనా 18 కలుపుకోండి. సెట్టుకి పెట్టే డబ్బులో సగం ఈ మూడింటి మీద, మిగతా సగం నూరే సామాను మీద పెట్టండి. రకాల్లో మీకు కావాల్సింది బెవెల్ ఎడ్జ్ ఉలి, అంటే రెండు పక్క అంచులూ ఏటవాలుగా చెక్కి ఉండేది, ఇది ఇరుకు మూలల్లోకి కూడా దూరుతుంది. పక్కలు నిటారుగా, మందంగా ఉండేది ఫర్మర్ ఉలి, మోటు పనికి మంచిది. లోతైన చదరపు బెజ్జాలు కొట్టడానికి ఇంకా మందమైన మార్టిస్ ఉలి వేరే ఉంది, దాని జోలికి ఇప్పుడు వద్దు.

షాపులో చేతిలోకి తీసుకున్నాక పిడి వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి, పిడీ రేకూ ఒకే గీతలో ఉండాలి. తర్వాత ఉలిని వెనక్కి తిప్పండి. చదునుగా ఉండే ఆ వైపుని నేను వీపు అంటాను, ఈ పాఠంలో అసలు సంగతంతా అక్కడే ఉంది. స్టీలు స్కేలు అంచుని వీపు మీద నిలువుగా ఆనించి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. మధ్యలో సన్నగా వెలుతురు కనిపిస్తే, అంటే కాస్త గుంట ఉంటే పర్లేదు. మధ్యలో ఉబ్బి స్కేలు అటూ ఇటూ ఊగితే మాత్రం ఆ ఉలి పెట్టేసి ఇంకోటి అడగండి, గుంటని గంటలో సరిచెయ్యొచ్చు కానీ ఉబ్బు ఉన్నదాన్ని రాయి మీద పెడితే అది ఊగుతూనే ఉంటుంది, మన చెయ్యి ఊగినకొద్దీ ఉబ్బు ఇంకా పెరుగుతుంది. పాత ఉలి దొరికితే సంతోషంగా తీసుకోండి, పైపైన తుప్పు లెక్కలోకి రాదు, కానీ వీపు మీద అంచుకి దగ్గర్లో తుప్పు తిన్న గుంటలుంటే వద్దు, నూరుతూ పోతే ఆ గుంట ఏదో ఒకరోజు అంచు దాకా వచ్చి నొక్కులా మారుతుంది.

స్టీలు గురించి ప్యాకెట్ మీద చాలా రాస్తారు. హై కార్బన్ అయినా క్రోమ్ వెనేడియం అయినా ఇంటి పనికి సరిపోతుంది, మంచి ఉలుల గట్టిదనం రాక్‌వెల్ సీ స్కేలు మీద 58 నుంచి 62 మధ్య ఉంటుంది. ఇది షాపులో తేలే విషయం కాదు, పనిలోనే తేలుతుంది: అంచు మడత పడిపోతుంటే స్టీలు మెత్తన, చిన్న చిన్న పెచ్చులుగా ఊడుతుంటే మరీ గట్టి, లేదా మీరు పెట్టిన కోణం మరీ పల్చన. అయితే ఒక్క వారానికే తీర్పు చెప్పకండి, ఫ్యాక్టరీలో గ్రైండ్ చేసేటప్పుడు మొదటి ఒకటి రెండు ఎమ్ఎమ్ వేడెక్కి ఉండొచ్చు, నాలుగైదు సార్లు నూరాక లోపలి మంచి స్టీలు బయటికి వస్తుంది.

ఇప్పుడు నూరడం. పదును అంటే రెండు చదునైన తలాలు కలిసే గీత, ఇంకేం లేదు. ఒక తలం వీపు, రెండోది ముందున్న వాలు. ఎంతసేపూ వాలునే నూరి వీపుని వదిలేస్తే ఒక తలం అద్దంలా ఉండి రెండోది గీతలమయంగా ఉంటుంది, అవి కలిసే గీత రంపం పళ్ళలాగే ఉంటుంది కదా. అందుకని ముందు వీపు. ఖరీదైన రాళ్ళు ఇప్పుడే అక్కర్లేదు, 8 ఎమ్ఎమ్ మందం గాజు పలక, నీళ్ళతో వాడే ఎమరీ పేపర్లు 240, 400, 800, 1500, 2000 తెచ్చుకోండి, నంబర్ పెరిగేకొద్దీ పేపర్ సన్నన. గాజు మీద నీళ్ళు చల్లి పేపర్ పరిస్తే అదే అతుక్కుంటుంది. వీపు మీద అంచు నుంచి 30 ఎమ్ఎమ్ దాకా మార్కర్‌తో నల్లగా పూయండి, ఆ భాగాన్ని పేపర్ మీద బల్లపరుపుగా ఆనించి వేళ్ళతో నొక్కి రుద్దండి. పిడి ఒక్క వెంట్రుకవాసి కూడా పైకి లేవకూడదు, లేస్తే అంచు గుండ్రమైపోతుంది. నాలుగు రుద్దులు రుద్ది తిప్పి చూస్తే నలుపు ఎక్కడ పోయిందో ఎక్కడ మిగిలిందో తెలిసిపోతుంది, మిగిలింది పల్లం. అంచుకి ఆనుకుని ఉన్న నలుపు మొత్తం పోయి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే రకం గీతలు వచ్చేదాకా పేపర్ మార్చొద్దు, పై నంబర్‌కి తొందరపడి వెళ్తే పాత గీతలు పోవు, మళ్ళీ కిందకి రావాల్సిందే. మంచి ఉలికి పావుగంట పడుతుంది, మొండిదానికి సాయంత్రమంతా పడుతుంది. ఓపికగా చెయ్యండి, ఉలి జీవితంలో ఈ పని ఒక్కసారే, తర్వాత వీపుని ఎప్పుడూ సన్న పేపర్ మీద తప్ప పెట్టరు.

వాలుకి కోణం కావాలి. మామూలుగా 25 డిగ్రీలకి గ్రైండ్ చేసి, కొసన మాత్రం సన్నగా 30 డిగ్రీలకి నూరుతారు, దాంతో నూరాల్సిన స్టీలు తగ్గుతుంది, అంచుకి బలం వస్తుంది. కోణం కొలిచే పరికరం లేదా? వాలు పొడవుని రేకు మందంతో పోల్చండి, 30 డిగ్రీలైతే పొడవు మందానికి సరిగ్గా రెండింతలు, 25 అయితే దాదాపు 2.4 రెట్లు. అంటే 4 ఎమ్ఎమ్ మందం రేకుకి 8, తొమ్మిదిన్నర. కొత్తవాళ్ళు హోనింగ్ గైడ్, అంటే నూరేటప్పుడు ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే సాధనం, వాడటంలో తప్పేం లేదు, రెండు పక్కల నుంచి బిగించే చిన్న చక్రం గైడ్‌లో ఉలి 40 ఎమ్ఎమ్ బయటికి ఉంటే 25 డిగ్రీలు, 30 ఎమ్ఎమ్ ఉంటే 30 డిగ్రీలు వస్తుంది.

గైడ్‌లో బిగించి 800 మీద పది పదిహేను సార్లు లాగాక ఆపి, వీపు వైపు నుంచి అంచు బయటికి వేలి కొసని నెమ్మదిగా జార్చండి. గోరుకి సన్నగా ఏదో తగులుతుంది, తీగలాంటి పోగు, దాన్ని బర్ అంటారు. ఈ బర్ వచ్చిందంటే వాలు అంచు దాకా అరిగిందని అర్థం, వెడల్పంతా తగలాలి, ఒక మూల తగిలి ఇంకో మూల తగలకపోతే తగలని చోట ఇంకా నూరాలి. ఇది చేతికి పట్టుబడితే నూరడం వచ్చేసినట్టే, మిగతాదంతా పేపర్లు మార్చుకుంటూ పోవడమే. 2000 అయ్యాక వీపుని అదే పేపర్ మీద బల్లపరుపుగా పెట్టి రెండు మూడు సార్లు లాగితే బర్ రాలిపోతుంది. ఆఖర్న చెక్కకి అంటించిన తోలు ముక్క మీద ఆకుపచ్చ పాలిష్ కాంపౌండ్ రాసి వెనక్కి మాత్రమే లాగండి, ముందుకి తోస్తే తోలు తెగుతుంది.

పదును వచ్చిందా లేదా అని వేలి మీద చూసుకోకండి. దీపం కింద అంచుని కంటికి ఎదురుగా తిప్పి చూడండి, మొద్దుగా ఉన్నచోట తెల్లటి గీత మెరుస్తుంది, పదునుంటే అక్కడ ఏమీ కనపడదు. ఆ తర్వాత పైన్ ముక్క కొస మీద పల్చగా ఒక పొర తియ్యండి, పొడి రాలకుండా పొర లేచి, కింద నున్నగా మెరిస్తే మీ ఉలి తయారు.

బెంచ్ గ్రైండర్ ఉంటే ఒక జాగ్రత్త. అంచు నీలంగా మారిందంటే అక్కడ వేడి దాదాపు 300 డిగ్రీల దాకా వెళ్ళిపోయింది, కార్బన్ స్టీలు అయితే ఆ మేర గట్టిదనం పోయినట్టే, నీలం ఉన్నంతవరకూ అరగదియ్యడం తప్ప దారిలేదు. రెండు సెకన్లకోసారి నీళ్ళలో ముంచండి.

ఇక చేత పట్టడం. ముక్కని క్లాంప్‌తో బల్లకి బిగించాకే ఉలి తియ్యండి, రెండు చేతులూ ఎప్పుడూ అంచుకి వెనకే ఉండాలి. నిటారుగా కొట్టేటప్పుడు మొదటి దెబ్బ గీత మీద వెయ్యకండి. ఉలి ఒక చీలిక లాంటిది, వాలు వైపు చెక్క అడ్డుగా ఉంటే అది ఉలిని వీపు వైపుకి తోసేస్తుంది, మీ గీత దాటిపోతుంది. గీతకి 1 ఎమ్ఎమ్ లోపల, వీపు గీత వైపు ఉండేలా పెట్టి కొట్టి చెత్త తీసేయండి, చివర్లో మిగిలిన ఆ సన్నటి పొరకి ఉలిని నెట్టే బలం ఉండదు, అప్పుడు గీతలో పెట్టి దించండి.

ఈ వారం పని: 20 ఎమ్ఎమ్ మందం పైన్ ముక్క మీద, నారకి అడ్డంగా, 20 వెడల్పు 10 లోతు గాడి. రెండు గీతల లోపలి వైపు రంపంతో 10 లోతుకి కోసి, 12 ఎమ్ఎమ్ ఉలితో ఒక పక్క నుంచి సగం దాకా మాత్రమే తియ్యండి, ముక్క తిప్పి బిగించి రెండో పక్క నుంచి మిగతా సగం తియ్యండి, ఒకే వైపు నుంచి పోతే అవతలి అంచు చీలి ఊడొస్తుంది. మధ్యలో చిన్న గుట్ట మిగులుతుంది, ఉలి వీపుని గాడి నేలకి ఆనించి చేతి బలంతోనే దాన్ని చదును చెయ్యండి, స్కేలు అంచు పెట్టి వెలుతురు చూడండి. ఇలాంటివి ఎనిమిది చేసి వరసగా నంబర్లు వేసి ఉంచండి, ఏదీ పారెయ్యొద్దు, వచ్చే పాఠంలో వాటినే జంటలుగా ఒకదాంట్లో ఒకటి దించి సగం సగం జాయింట్ కడతాం, దానికి ఒక చెక్క సుత్తి కూడా దగ్గర పెట్టుకోండి.