చుట్టాలకు తీరం చూపించాలంటే పులికాట్

హైదరాబాదు, వరంగల్ వైపుల నుంచి చెన్నైకి వచ్చే బంధువులకు కోరమండల్ తీరాన్ని పరిచయం చేయదలచినవారు మెరీనాతో సరిపెట్టకుండా, నగరానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని పళవేర్కాడుకు, అంటే మన పులికాట్‌కు, ఒక ఉదయం తీసుకెళ్లండి. నెల మాత్రం చూసుకోవాలి. మన వైపు వానలు జూన్‌లో మొదలవుతాయి కనుక ఇక్కడా అంతేనని వచ్చేవారు అనుకుంటారు. కానీ ఈ తీరానికి ప్రధాన వర్షాలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి, తుపానుల భయమూ అప్పుడే ఎక్కువ. జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నిటికంటే మేలు.

ముందుగా డచ్చివారి శ్మశానవాటికకు వెళ్లండి. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలు, సమాధులపై పొదిగినట్టున్న అక్షరాలు ఉదయపు ఏటవాలు ఎండలో స్పష్టంగా కనిపిస్తాయి. 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టిన డచ్చివారు 1690 వరకు ఈ ఊరినే కోరమండల్ తీరంలో తమ ప్రధాన కేంద్రంగా ఉంచుకొని, మన నేత బట్టల వ్యాపారం సాగించారని అక్కడే నిలబడి చెబితే పిల్లలకు కూడా చరిత్ర కళ్లకు కడుతుంది. ఆ తర్వాత సరస్సుకు వెళ్లండి. సముద్రపు ఉప్పునీరు, ఏటి మంచినీరు కలిసే ఆ లోతు తక్కువ నీటిలో ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా ముంచి మేత వడపోసుకుంటాయి. అవి దూరంగా ఉంటాయి కాబట్టి బైనాక్యులర్లు తప్పక వెంట ఉంచుకోండి.