రక్తంలో చక్కెర అదుపునకు మెంతులు: వాడే పద్ధతి, జాగ్రత్తలు

మధుమేహానికి పొడపత్రి, నేరేడు గింజలు, కాకరరసం అంటూ మనవాళ్లు చెప్పే మూలికలు చాలా ఉన్నాయి. వాటిలో ప్రతి వంటింట్లోనూ ఉండేవీ, మనుషులపై చెప్పుకోదగినంతగా పరిశీలించినవీ మెంతులు గనుక వాటి గురించే ఇక్కడ వివరిస్తున్నాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1980ల నుంచే మెంతులపై ప్రయోగాలు చేశారు. వాటిలో రోజుకు 25 గ్రాముల గింజలు ఇచ్చినవీ, 100 గ్రాముల కొవ్వు తీసిన పొడి ఇచ్చినవీ ఉన్నాయి. అంటే తాలింపులో వేసే చిటికెడు మెంతులు ఈ లెక్కలోకి రావు. ఆవకాయలో మెంతిపిండి ఉంది కదా అని సంతోషించడానికీ వీలులేదు, దానితోపాటు వచ్చే ఉప్పును మరువరాదు.

మెంతిగింజలో గెలాక్టోమానన్ అనే జిగురు పీచు ఉంటుంది. అది నీటిని పీల్చి ఉబ్బి, అన్నంలోని పిండిపదార్థం అరిగి చక్కెరగా రక్తంలో కలిసే వేగాన్ని తగ్గిస్తుంది. అందువల్ల రాత్రి నానబెట్టి, ఉదయం ఆ నీళ్లు మాత్రం తాగి గింజలను పారబోసేవారు అసలు పనిచేసే భాగాన్నే పారబోస్తున్నారు.

మొదటి వారం ఒక చెంచా మెంతులను, అంటే సుమారు 4 గ్రాములను, గ్లాసు నీటిలో రాత్రంతా నానబెట్టి, మరునాడు భోజనానికి కాస్త ముందు గింజలను నమిలి తిని ఆ నీటిని తాగాలి. చేదు సహించనివారు నానిన గింజలను పెరుగుతో కలిపి రుబ్బి మజ్జిగ చేసుకోవచ్చు. సన్నని సెగపై దోరగా వేయించి దంచిన పొడిని పప్పులోనో, జొన్నరొట్టె పిండిలోనో కలుపుకోవచ్చు. మాడితే చేదు పెరుగుతుంది. కడుపుబ్బరం, విరేచనాలు లేకపోతే రెండు మూడు వారాలలో మెల్లగా మోతాదు పెంచి, వైద్యుని సలహాతో రెండు పూటలకూ పంచుకోవాలి. పొడిని నీళ్లు లేకుండా నోట్లో వేసుకోరాదు, గొంతులో ఉబ్బి అడ్డుపడవచ్చు. చెమటకు, మూత్రానికి మెంతివాసన వస్తే కంగారు పడనక్కరలేదు.

ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు వైద్యునికి చెప్పకుండా మొదలుపెట్టరాదు, ఎందుకంటే రెండూ కలిసి చక్కెరను మరీ పడగొట్టవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ కనిపించి గ్లూకోమీటరులో 70 కంటే తక్కువ ఉంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు తీసుకొని, పావుగంటకు మళ్లీ పరీక్షించుకోవాలి. మెంతులలోని జిగురు పీచు, వేసుకున్న మాత్రలను కూడా పట్టి ఉంచవచ్చు గనుక, ముఖ్యంగా పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్రకూ మెంతులకూ కనీసం రెండు గంటల ఎడం పాటించాలి. గర్భిణులు కూరలో వాడే మేరకే పరిమితం కావాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు, వేరుశనగ లేదా శనగ పడనివారు వైద్యుని అనుమతి లేకుండా వాడరాదు.

మొదలుపెట్టే ముందు, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆపై వారంలో రెండు రోజులు పరగడుపు చక్కెరనూ, భోజనమైన రెండు గంటల తరువాతి చక్కెరనూ, ఆ పూట తిన్నదాన్నీ పుస్తకంలో రాసుకోవాలి. మూడు నెలల తరువాత హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించి, ఆ పుస్తకాన్ని వైద్యునికి చూపాలి. మాత్ర తగ్గించాలో వద్దో ఆయన ఆ అంకెలను చూసి నిర్ణయిస్తారు. అప్పటివరకు ఒక్క మాత్ర కూడా మానరాదు.