మిరుగం రాకముందే స్టార్టర్ డబ్బా చూసుకోండి

మిరుగం (మృగశిర కార్తె) దగ్గరపడింది. నర్సంపేట, పరకాల వైపు నారుమళ్ల కోసం మోటర్లు వేసే రోజులివి. వేసవంతా మూసి ఉన్న స్టార్టర్ డబ్బాలో చీమలు, బల్లులు చేరి ఉంటాయి. నేల పొడిగా ఉన్నప్పుడే తెరిచి చూసుకోండి. తొలివాన పడ్డాక తడి కాళ్లతో ఆ పని వద్దు.

తెరిచే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. స్టాప్ బటన్ నొక్కితే మోటరు ఆగుతుంది గానీ, డబ్బాలోకి వచ్చే వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. ఆటో స్టార్టర్ అయితే కరెంటు రాగానే మోటరు దానంతటదే అందుకుంటుంది. కెపాసిటర్ ఉంటే మెయిన్ ఆపాక కూడా అందులో కరెంటు నిలిచి ఉంటుంది, కాసేపు ఆగి చేయి పెట్టండి. వదులైన స్క్రూలు బిగించండి. నల్లబడిన చోట్లు, ఎలుక కొరికిన వైర్లు, ఎర్త్ వైరు చూడండి.

స్టార్ట్ బటన్ మీంచి వేలు తీయగానే మోటరు ఆగిపోతే హోల్డింగ్ కాంటాక్టు (వేలు తీసినా స్టార్టరును పట్టి ఉంచేది) పట్టడం లేదన్నమాట. కాంటాక్టరు (అయస్కాంతంతో పట్టుకుని మోటరుకు కరెంటు కలిపే స్విచ్) గరగరమంటే వోల్టేజీ తక్కువైనా అయి ఉండాలి, అయస్కాంతం ముఖాల మధ్య మురికైనా చేరి ఉండాలి. అసలు కదలకపోతే ముందుగా ఓవర్‌లోడ్ రిలే (మోటరు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసేది) రీసెట్ చేయండి.

మోటర్లు ఎక్కువగా కాలిపోయే కారణాల్లో ఒకటి, మూడు ఫేజుల్లో (కరెంటు తెచ్చే మూడు వైర్లలో) ఒకటి పోవడం. కాంటాక్టరు కాయిల్‌కు రెండు ఫేజులు చాలు. మూడోది పోయినా డబ్బా పట్టే ఉంటుంది, మోటరు మాత్రం గుమ్మని మూలుగుతూ వేడెక్కుతుంది. అప్పుడు వెంటనే ఆపేయండి. ఆ సమయంలో టెస్టరును నమ్మొద్దు. మోటరు వైండింగు గుండా తిరిగొచ్చే కరెంటుకు పోయిన ఫేజు మీద కూడా అది వెలుగుతుంది. మోటరు ఆపి, ఎలక్ట్రీషియన్‌తో డబ్బాలోకి వచ్చే వైర్ల దగ్గర ఫేజుకూ ఫేజుకూ మధ్య మీటరు పెట్టించండి. మూడు జతల్లోనూ 415 వోల్టుల దగ్గరగా రావాలి. ఒక ఫేజు పోగానే మోటరును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ లేకపోతే ఈసారైనా పెట్టించండి.

ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ పడిపోతుంటే దాన్ని ఎక్కువకు తిప్పడం, కాంటాక్టరులో పుల్ల దోపడం చాలా చోట్ల చూస్తున్నాం. చూసినప్పుడల్లా భయమేస్తుంది. దయచేసి ఆ పని చేయొద్దు. రిలేను మోటరు పలక మీది ఆంపియర్లకే పెట్టి, తక్కువ వోల్టేజీ, పోయిన ఫేజు, పంపులో ఇరుక్కున్న ఇసుక, వీటిలో ఏది కారణమో వెతకండి.

ట్రాన్స్‌ఫార్మర్ మీది ఫ్యూజు పోతే మీరు ముట్టొద్దు. లైన్‌మన్‌కు గానీ 1912కు గానీ ఫోన్ చేయండి. రాత్రిపూట బాయికాడికి ఒంటరిగా పోవద్దు.