స్ట్రోకర్ కట్టాలా, పెద్ద బ్లాక్ దింపాలా? ఎలా తేల్చుకోవాలంటే

ఇంజన్ విప్పి ముక్కలన్నీ బల్ల మీద పరిచాక, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా ఇంకాస్త సీసీ పెంచేద్దాం అని మనసు లాగనివాడు ఉండడు. అప్పుడు రెండు దార్లు కనిపిస్తాయి. ఉన్న బ్లాక్‌లోనే, అంటే సిలిండర్లుండే పోత దిమ్మలోనే, ఎక్కువ త్రో ఉన్న క్రాంక్ వేసి, అంటే పిస్టన్లని కదిలించే వంకర ఇరుసుని ఇంకా ఎక్కువ వంపుతో వేసి, పిస్టన్ కదిలే దూరం పెంచడం ఒకటి, దాన్నే స్ట్రోకర్ అంటారు. ఆ బ్లాక్ పక్కన పెట్టేసి పుట్టుకతోనే పెద్దదైన ఇంజన్ తెచ్చి దింపడం ఇంకోటి. అందరూ ఏది ఎక్కువ పవర్ ఇస్తుంది అనే అడుగుతారు గానీ, నన్నడిగితే ముందు చూడాల్సింది పెద్ద ఇంజన్ పెడితే కార్లో ఇంకా ఏమేం మార్చాల్సి వస్తుందా అని. పెద్దది కూడా అదే బయటి సైజులో దొరుకుతుంటే పెద్ద బ్లాకే, బయటి సైజు మారిపోతుంటే స్ట్రోకర్, అదీ మీ బ్లాక్‌లో ఇంకా సత్తువ ఉంటేనే.

ముందు లెక్క చూద్దాం. బోర్‌ని, అంటే సిలిండర్ వెడల్పుని, బోర్‌తోనే గుణించి, దాన్ని 0.7854తో, స్ట్రోక్‌తో, అంటే పిస్టన్ కదిలే దూరంతో, సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే డిస్‌ప్లేస్‌మెంట్, అదే మనం సీసీ అనేది, వస్తుంది, అంగుళాల్లో కొలిస్తే క్యూబిక్ ఇంచుల్లో. ఎనిమిది సిలిండర్ల షెవర్లే స్మాల్ బ్లాక్ 350 తీసుకోండి, ఆ 350 అనేది క్యూబిక్ ఇంచులే, బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ 3.48. అరిగిన సిలిండర్లని 30 థౌ పెద్దవి చేస్తే, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 355 క్యూబిక్ ఇంచులు అవుతుంది, అంటే వచ్చింది 5. అదే బోర్ ఉంచి స్ట్రోక్ 3.75 చేస్తే 383, అంటే ఇంకో 28. అందుకే స్ట్రోకర్ అంటే జనానికి అంత మోజు, బయట నుంచి చూస్తే అదే ఇంజన్, అవే మౌంట్లు, గాలి లోపలికి వెళ్ళే ఇంటేక్ అదే, పొగ బయటికి వెళ్ళే హెడర్లు అవే, బోనెట్ ఎత్తినా ఎవడూ కనిపెట్టలేడు. ఈ 3.75 క్రాంక్ ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, స్మాల్ బ్లాక్ 400లోది, దాని మెయిన్ జర్నల్, అంటే బ్లాక్‌లో కూర్చుని తిరిగే భాగం, 2.65 అంగుళాలు ఉంటే 350కి సరిపోయేలా 2.45కి అరగదీసి వేసేవాళ్ళు, ఇప్పుడు ఆ శ్రమ లేకుండా రెడీమేడ్ క్రాంకులు కిట్లలో వస్తున్నాయి.

పెద్ద బ్లాక్ సైడు చూస్తే అదే షెవర్లేలో 454 ఉంది, 1970లో వచ్చింది, బోర్ 4.25, స్ట్రోక్ 4. 383 ఎక్కడ 454 ఎక్కడ అనిపిస్తుంది, నిజమే, 71 క్యూబిక్ ఇంచుల తేడా అంటే మాటలు కాదు. కానీ సిలిండర్ల మీద మూతల్లా కూర్చునే ఐరన్ హెడ్లతో అది స్మాల్ బ్లాక్ కన్నా సుమారు 50 కిలోలు బరువు, ఆ బరువంతా ముందు చక్రాల మీదే. గేర్‌బాక్స్ బోల్టులు మాత్రం సరిపోతాయి, అదొక్కటే ఊరట. హెడర్లు, ఇంటేక్, ముందు బ్రాకెట్లు, రేడియేటర్, ముందు స్ప్రింగులు అన్నీ లిస్టులోకి వచ్చేస్తాయి, ఇంజన్ కోసం పెట్టిన డబ్బు ఒకెత్తు, ఈ చిల్లర సామాను ఇంకోఎత్తు, చివరికి చిల్లర సామానే ఎక్కువ తేలుతుంది. ట్రక్కు కోసమో లాగుడు బండి కోసమో అయితే 454 వేయండి, తప్పులేదు, అక్కడ బరువు పెద్ద లెక్కలోకి రాదు, కింది ఆర్‌పీఎమ్‌లో టార్కే కావాలి. మలుపుల్లో తిరగాల్సిన చిన్న కారుకైతే నేను వద్దనే అంటాను.

ఇప్పుడు దీనికి పూర్తి తలకిందులు ఉదాహరణ. షెవర్లే మాతృ కంపెనీ జీఎమ్ ఎల్‌ఎస్ ఇంజన్ల ఫ్యామిలీలో ట్రక్కుల్లోంచి వచ్చే 5.3 లీటర్ల ఇంజన్ బోర్ 3.78 అంగుళాలు, స్ట్రోక్ 3.622. దానికి కొత్త 4 అంగుళాల క్రాంక్, కొత్త పిస్టన్లు, మెషీన్ పని అన్నీ చేయించి బోర్ స్టాండర్డ్‌గా ఉంచితే వచ్చేది 359 క్యూబిక్ ఇంచులు. అదే ఫ్యామిలీలో 6.0 లీటర్ల ఇంజన్ బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ అదే 3.622, ఏమీ ముట్టుకోకుండానే 364. రెండిటి డెక్ ఎత్తూ, అంటే క్రాంక్ మధ్య నుంచి బ్లాక్ పై అంచు దాకా, ఒకటే, 9.24 అంగుళాలు, మౌంట్లు ఒకటే. అంటే ఇంత ఖర్చుపెట్టి కట్టిన స్ట్రోకర్ కంపెనీ వాడు కట్టిన ఇంజన్ కన్నా 5 క్యూబిక్ ఇంచులు తక్కువే. పైగా పెద్ద బోర్‌లో వాల్వ్ పక్కన సిలిండర్ గోడ దూరంగా ఉంటుంది కాబట్టి గాలి సాఫీగా దిగుతుంది, పెద్ద వాల్వులు కూడా పడతాయి, స్ట్రోక్ పెంచితే ఈ లాభం రాదు. ఇలాంటి చోట ముందు పెద్ద బోర్ బ్లాక్ పట్టుకోండి, తర్వాత ఎప్పుడో మనసు పుడితే దాంట్లోనే 4 అంగుళాల క్రాంక్ వేస్తే 402 అవుతుంది, ఎవడు వద్దన్నాడు. మార్చేటప్పుడు క్రాంక్ మీద రిలక్టర్ వీల్, అంటే క్రాంక్ ఎక్కడ తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పే పళ్ళ చక్రం, 24ఎక్స్ రకమా 58ఎక్స్ రకమా అనేది మాత్రం చూస్కోండి, మీ కంప్యూటర్‌కి అది కలవకపోతే ఇంజన్ స్టార్టే అవదు.

ఫోర్డ్ 302 సంగతి ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. 4 అంగుళాల బోర్, 3 అంగుళాల స్ట్రోక్, 30 థౌ బోర్ చేసి 3.4 క్రాంక్ వేస్తే 347. చాలా పాపులర్ కిట్, నడపడానికి కూడా చాలా సరదాగా ఉంటుంది. కానీ ఆ 302 స్టాక్ బ్లాక్‌కి ఒక పేరుంది, 500 హార్స్‌పవర్ చుట్టుపక్కలకి వెళ్తే క్రాంక్ కూర్చునే మెయిన్ల నుంచి, వాల్వులు తెరిచే క్యామ్ ఉండే లోయ మీదుగా నిలువునా చీలిపోతుందని. కాబట్టి మీ టార్గెట్ 400 అయితే 347 హాయిగా కట్టుకోండి, టర్బో పెడతాను నైట్రస్ పెడతాను అంటే మాత్రం 351 విండ్సర్ వైపో, మార్కెట్లో దొరికే రేస్ బ్లాక్ వైపో వెళ్ళండి. 351 డెక్ 302 కన్నా దాదాపు 1.3 అంగుళాలు ఎత్తు, ఇంజన్ వెడల్పు కూడా పెరుగుతుంది, పాత ఇంటేక్ కూర్చోదు, హెడర్లు మారతాయి, హెడ్ బోల్టులు కూడా లావు. అయినా ఆ ఎత్తు వల్లే దాంట్లో 4 అంగుళాల క్రాంక్ సుఖంగా తిరిగి 408 వరకూ వెళ్ళొచ్చు. బోనెట్ కింద చోటు కొలిచాకే డిసైడ్ అవ్వండి, ఎయిర్ క్లీనర్‌తో సహా కొలవండి, అందరూ మర్చిపోయేది అదే.

సరే స్ట్రోకరే అనుకున్నారు. ఇప్పుడు చేయకూడని పని ఏంటంటే వెంటనే కిట్ ఆర్డర్ పెట్టడం. ముందు బ్లాక్‌ని శుభ్రంగా కడిగించి మెషీన్ షాపుకి తీసుకెళ్ళి పగుళ్ళు ఉన్నాయేమో మాగ్నాఫ్లక్స్ చేయించండి, సిలిండర్ గోడ మందం సోనిక్ టెస్ట్ చేయించండి. బోర్ చేశాక పిస్టన్ ఒరిగి నొక్కే వైపు, అదే థ్రస్ట్ సైడు, గోడ 120 థౌ దగ్గర్లో అన్నా మిగలాలని మంచి మెషినిస్టులు చూస్తారు. పోత పోసేటప్పుడు కోర్ కొంచెం పక్కకి జరిగిన బ్లాకులు ఉంటాయి, ఒకవైపు మందం ఇంకోవైపు పలచన, కంటికి అస్సలు తెలీదు. ఈ టెస్టులో ఫెయిలైతే బాధపడకండి, కిట్ కొనకముందే తెలిసింది కదా, అప్పుడు ఎలాగూ ఇంకో బ్లాక్ వెతకాలి కాబట్టి పెద్దదే వెతకండి.

రెండోది వెనక ఆయిల్ సీల్. 350లో 1985 వరకూ రెండు ముక్కల సీల్, 1986 నుంచి ఒకే ముక్క సీల్, క్రాంక్ కూడా దానికి తగ్గట్టే ఉండాలి. నేను మొదటిసారి ఈ విషయం చూడకుండా తొందరపడి రెండు ముక్కల సీల్ క్రాంక్ తెప్పించుకుని, డబ్బా విప్పి బ్లాక్ పక్కన పెట్టాక గానీ తత్వం బోధపడలేదు, దాన్ని తిరిగి పంపి ఇంకోటి వచ్చేసరికి ఇంజన్ బల్ల మీద గుడ్డ కప్పుకుని నెలన్నర పడుంది. తప్పు అమ్మినవాడిది కాదు, అచ్చంగా నాదే.

మూడోది, అసలు పని ఇక్కడే ఉంది, ఊరికే అమర్చి చూడటం. స్ట్రోక్ పెరిగితే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ కింది చివర పెద్ద గుండ్రంలో తిరుగుతుంది, అంటే దాని బోల్టులు ఒకవైపు బ్లాక్ కింది అంచుకి, ఇంకోవైపు పైన క్యామ్‌కి తగలొచ్చు. క్రాంక్, క్యామ్, ఒక్కో పిస్టన్ రాడ్ రింగులు లేకుండా పెట్టి, చేత్తో నెమ్మదిగా పూర్తిగా రెండు చుట్లు తిప్పండి, ఎందుకంటే క్యామ్ ఒక చుట్టు తిరగాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలి. ఎక్కడ చూసినా కనీసం 50, 60 థౌ ఖాళీ ఉండాలి. అనుమానం ఉన్న చోట పిల్లలు ఆడుకునే బంకమట్టి అంటించి తిప్పి, దాని మందం కొలిస్తే సరిపోతుంది. బ్లాక్‌కి తగులుతుంటే అక్కడ కొంచెం గ్రైండ్ చేయాలి, మరీ లోపలికి వెళ్ళారంటే నీళ్ళ జాకెట్‌లోకి కన్నం పడుతుంది, ఇక ఆ బ్లాక్‌తో పూలకుండీ చేసుకోవచ్చు. క్యామ్‌కి తగులుతుంటే బోల్టు తల సన్నగా ఉండే స్ట్రోకర్ రాడ్లు వాడండి, లేదా బేస్ సర్కిల్, అంటే వాల్వుని నొక్కని గుండ్రటి వైపు, చిన్నగా ఉన్న క్యామ్. ఎనిమిది సిలిండర్లూ చూడండి, ఒకటి చూసి మిగతావి అలాగే ఉంటాయిలే అనుకోవద్దు.

కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందో అది, కూడా దానంతట అదే పెరుగుతుంది, చాలామందికి ఇది తట్టదు. 350లో ఒక సిలిండర్ సుమారు 717 సీసీ, పిస్టన్ పైన మిగిలే ఖాళీ అంతా కలిపి 90 సీసీ అనుకుంటే కంప్రెషన్ 9 దగ్గర. అదే 90 సీసీతో 383 చేస్తే సిలిండర్ 784 సీసీ, కంప్రెషన్ 9.7. పెట్రోల్ మండే గుంట, అదే చాంబర్, చిన్నదైన హెడ్లు ఉంటే ఇంకా పైకి పోయి మామూలు పెట్రోల్‌కి నాకింగ్ మొదలవుతుంది, అందుకే స్ట్రోకర్ పిస్టన్లు ఎక్కువగా డిష్ ఉన్నవి, అంటే పైన పళ్ళెంలా లోతు ఉన్నవి అమ్ముతారు. పిస్టన్ కొనేముందు హెడ్ చాంబర్ ఎంతో బ్యూరెట్‌తో నీళ్ళు పోసి కొలవండి, కేటలాగ్ అంకె నమ్మొద్దు.

హెడ్లు మార్చకుండా సీసీ మాత్రమే పెంచితే ఏమవుతుందంటే, 350కి 6000 ఆర్‌పీఎమ్ దాకా గాలి సరిపోయిన హెడ్లు 383కి దాదాపు 5500కే చేతులెత్తేస్తాయి, పై పవర్ పెద్దగా పెరగదు, అది ముందే వచ్చేస్తుంది, మధ్యలో టార్క్ మాత్రం బాగా పెరుగుతుంది. రోడ్డు మీద తిరిగే కారుకి అది మంచిదే. కానీ పై ఆర్‌పీఎమ్‌లో అరిపించాలనే కోరిక ఉంటే ముందు హెడ్ల మీద ఖర్చుపెట్టండి, క్రాంక్ తర్వాత. 6000 దగ్గర పిస్టన్ సగటు వేగం 350లో సెకనుకి 17.7 మీటర్లు, 383లో 19, 4 అంగుళాల స్ట్రోక్‌లో 20.3, వేగం పెరిగేకొద్దీ రింగులకీ రాడ్ బోల్టులకీ అంత దెబ్బ. రాడ్ పొడుగు గురించి జనం గంటలు గంటలు వాదించుకుంటారు, 5.7 అంగుళాలది వేసినా 6.0 అంగుళాలది వేసినా రోడ్డు మీద మీకు తేడా తెలీదు, 6.0తో పిస్టన్ పొట్టిదై కొన్నిట్లో రాడ్‌ని పిస్టన్‌కి తగిలించే పిన్ ఆయిల్ రింగ్ గాడిలోకి వస్తుంది, దానికి సపోర్ట్ రెయిల్ వేయాలి, అంతే.

ఆఖర్న బ్యాలెన్సింగ్. పాత 400కి క్రాంక్ లోపల బరువు చాలక దాని ముందు చివర ఉండే డ్యాంపర్ మీదా వెనక చివర ఉండే ఫ్లెక్స్‌ప్లేట్ మీదా అదనపు బరువు ఉండేది, దాన్నే ఎక్స్‌టర్నల్ బ్యాలెన్స్ అంటారు. 383 కిట్లు రెండు రకాలూ వస్తాయి, మీరు కొన్నది ఏదో తెలుసుకుని దానికి సరిపోయే డ్యాంపర్, ఫ్లైవీల్ కొనండి, క్రాంకూ రాడ్లూ పిస్టన్లూ రింగులూ బేరింగులూ డ్యాంపర్ ఫ్లైవీల్‌తో సహా మొత్తం సెట్టు ఒకేసారి షాపులో బ్యాలెన్స్ చేయించండి. ఎక్స్‌టర్నల్ క్రాంక్‌కి పాత 350 డ్యాంపర్ బిగించేస్తే ఐడిల్‌లో పెద్దగా తెలీకపోవచ్చు, ఆర్‌పీఎమ్ ఎక్కేకొద్దీ అద్దం వణకడం మొదలవుతుంది, అప్పటికి మెయిన్ బేరింగులు దెబ్బతినడం మొదలైపోయి ఉంటుంది.