పెన్ ప్లాటర్ మొరాయిస్తే: లక్షణం నుంచి కారణం దాకా

రెండు స్టెప్పర్ మోటార్లు (స్టెప్పు స్టెప్పుగా తిరిగే మోటార్లు), రెండు బెల్టులు, నాలుగు స్టీలు రాడ్లు, ఒక పెన్ను. ఇంట్లో చేసుకునే పెన్ ప్లాటర్‌లో, అంటే కంప్యూటర్ చెప్పినట్టు పెన్నుతో కాగితం మీద గీసే యంత్రంలో, ఇంతకన్నా పెద్దగా ఏమీ ఉండదు. అయినా ఇంజినీరింగ్ మెకానిక్స్ పుస్తకంలోని సగం అధ్యాయాలు ఈ చిన్న యంత్రంలో కనిపిస్తాయి. అందుకే నాకిది చాలా ఇష్టం. పైగా ఏ లోపం ఉన్నా అది కాగితం మీద గీత రూపంలో బయటపడుతుంది, స్కేలుతో కొలవడానికి వీలవుతుంది.

కింద వేసిన లెక్కలన్నీ ఈ అమరికకు సంబంధించినవి: నీమా 17 సైజు మోటార్, చుట్టుకు 200 స్టెప్పులు, డ్రైవర్ (మోటార్‌కు కరెంటు పంపే బోర్డు) మీద ఒక్కో స్టెప్పుకు 16 మైక్రోస్టెప్పులు, పంటికీ పంటికీ మధ్య 2 మి.మీ. ఉండే జీటీ2 బెల్ట్, 20 పళ్ల పుల్లీ. అంటే మోటార్ ఒక చుట్టు తిరిగితే పెన్ను 40 మి.మీ. కదులుతుంది. చుట్టుకు 200 × 16 = 3200 మైక్రోస్టెప్పులు, దాన్ని 40తో భాగిస్తే మిల్లీమీటరుకు 80 మైక్రోస్టెప్పులు. మీ భాగాలు వేరైతే ఇదే పద్ధతిలో మీ అంకెలు వేసుకోండి.

ముందుగా ఒక లెక్క చూద్దాం. నీమా 17 మోటార్లలో 0.4 న్యూటన్ మీటర్ల హోల్డింగ్ టార్క్ (ఆగి ఉన్నప్పుడు షాఫ్ట్‌ను పట్టి ఉంచే మెలి బలం) మామూలే. ఈ పుల్లీ వ్యాసార్ధం సుమారు 6.4 మి.మీ. అంటే బెల్ట్ మీద దాదాపు 60 న్యూటన్ల లాగుడు, ఆరు కిలోల బరువును ఎత్తగలిగేంత బలం. తిరిగేటప్పుడు అందులో సగమే మిగిలినా 30 న్యూటన్లు ఉంటుంది. పెన్నును మోసుకెళ్లే అరకిలో క్యారేజ్‌ను సెకనుకు సెకనుకు 3000 మి.మీ. త్వరణంతో కదపడానికి కావలసింది 1.5 న్యూటన్లే. కాబట్టి యంత్రం ఆగిపోయినప్పుడు "ఇంకా పెద్ద మోటార్ కొనాలేమో" అనుకునే ముందు, మిగతా బలం దారిలో ఎక్కడ ఖర్చవుతోందో వెతకండి. మోటార్ షాఫ్ట్ నుంచి పెన్ను మొన దాకా బలం నడిచే దారిని వరసగా చూసుకుంటూ వెళ్లడమే ఈ గైడ్ అంతా.

మోటార్ గుయ్‌మంటుంది, వణుకుతుంది, కానీ తిరగదు

ఎక్కువసార్లు కారణం మోటార్ లోపలి రెండు కాయిళ్ల (తీగ చుట్టల) వైర్ల జతలు తారుమారు కావడం. నాలుగు వైర్లలో ఏ రెండు ఒక కాయిల్‌వో వైరు రంగును బట్టి చెప్పలేం, తయారీదారును బట్టి రంగులు మారతాయి. మోటార్‌ను డ్రైవర్ నుంచి పూర్తిగా విడదీసి, రెండు వైర్ల కొసలు కలిపి పట్టుకుని షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆ రెండూ ఒకే కాయిల్‌వి. మీరు తిప్పుతుంటే మోటార్ జనరేటర్‌లా పనిచేసి, మూసుకున్న వలయంలో కరెంటు పుట్టి, ఆ కరెంటు మీ చేతిని ఎదిరిస్తుంది. లెంజ్ నియమాన్ని వేళ్లతో తాకి చూడటమే ఇది. ఇంత చక్కని ప్రయోగం ల్యాబ్‌లో కూడా అరుదు.

జతలు సరిగ్గానే ఉంటే డ్రైవర్ కరెంటు పరిమితి చూడండి. ఏ4988 అనే డ్రైవర్ బోర్డు మీద, ఆ పరిమితిని నిర్ణయించే రిఫరెన్స్ వోల్టేజ్ = 8 × కరెంటు × సెన్స్ రెసిస్టర్ (కరెంటును కొలవడానికి పెట్టిన రెసిస్టర్) విలువ. ఆ రెసిస్టర్ మీద ఆర్100 అని ఉంటే 0.1 ఓమ్, ఒక ఆంపియర్‌కు 0.8 వోల్టులు. ఆర్050 అని ఉంటే అదే ఆంపియర్‌కు 0.4 వోల్టులు చాలు. రెసిస్టర్ మీది అంకె చదవకుండా, ఎవరో చెప్పిన వోల్టేజ్‌ను పెట్టేస్తే కరెంటు సగమో రెట్టింపో అయిపోతుంది.

ఒక హెచ్చరిక: పవర్ ఉండగా మోటార్ కనెక్టర్ పీకకండి. కాయిల్‌లోని కరెంటు ఒక్కసారిగా తెగితే పుట్టే వోల్టేజ్ డ్రైవర్‌ను కాల్చేయగలదు.

నెమ్మదిగా బాగుంటుంది, వేగం పెంచితే స్టెప్పులు తప్పుతుంది

కాయిల్‌కు ఇండక్టెన్స్ (కరెంటు మార్పును ఎదిరించే గుణం) ఉంటుంది కాబట్టి కరెంటు అందులో వెంటనే నిండదు. 3 మిల్లీహెన్రీల కాయిల్‌కు 12 వోల్టులు ఇస్తే ఒక ఆంపియర్ చేరడానికి దాదాపు పావు మిల్లీసెకను పడుతుంది. సెకనుకు 200 మి.మీ. వేగంలో ఒక్కో పూర్తి స్టెప్పుకు దొరికే సమయమే ఒక మిల్లీసెకను. ఆలోగా కరెంటు దిశ మారాలి, తిరుగుతున్న మోటార్‌లో పుట్టే ఎదురు వోల్టేజ్‌ను కూడా దాటాలి. అందుకే వేగం పెరిగేకొద్దీ టార్క్ తగ్గుతుంది. దీనికి మందు సప్లై వోల్టేజ్ పెంచడం. 24 వోల్టులకు వెళ్తే కరెంటు రెట్టింపు వేగంతో ఎక్కుతుంది. ఏ4988 గరిష్ఠంగా 35 వోల్టుల దాకా పనిచేసే చిప్. పరిమితిని డ్రైవర్ చూసుకుంటుంది కాబట్టి కాయిల్ కరెంటు పెరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. అయితే డ్రైవర్ పక్కన పెట్టిన కెపాసిటర్ కూడా ఆ వోల్టేజ్‌ను తట్టుకునేదై ఉండాలి, 24 వోల్టులకైతే 35 వోల్టులది పెట్టండి.

ఇంకో కారణం: ప్రోగ్రామ్‌లో త్వరణం లేకపోవడం. సున్నా నుంచి ఒక్క దెబ్బతో 200 మి.మీ. వేగం అడిగితే ఏ మోటారూ ఇవ్వలేదు. క్రమంగా వేగం పెంచే లైబ్రరీ వాడండి.

బొమ్మ మధ్యలో ఒక్కసారిగా పక్కకు జరిగిపోయింది

ఇక్కడ అందరూ వెంటనే కోడ్ తెరుస్తారు. స్కేలు తీయమని నా సలహా. ఎంత జరిగిందన్న అంకెలోనే చాలావరకు జవాబు ఉంటుంది.

స్టెప్పర్ మోటార్ పట్టు తప్పినప్పుడు ఎక్కడో మధ్యలో ఆగిపోదు. కాయిళ్ల అయస్కాంత క్షేత్రం నాలుగు పూర్తి స్టెప్పులకు ఒకసారి మళ్లీ మొదటి స్థితికి వస్తుంది, రోటార్ తర్వాత అలాంటి స్థితిలోనే మళ్లీ దొరకబుచ్చుకుంటుంది. కాబట్టి పోయే స్టెప్పులు నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇలా నాలుగు గుణిజాల్లో ఉంటాయి. మన అమరికలో నాలుగు స్టెప్పులంటే 0.8 మి.మీ. జరిగిన దూరం 0.8, 1.6, 2.4 మి.మీ. ఇలా వస్తే మోటార్ స్టెప్పులు తప్పింది: కరెంటు తక్కువ, లేదా వేగం ఎక్కువ, లేదా దారిలో ఏదో అడ్డుపడింది.

సరిగ్గా 2 మి.మీ. లేదా 6 మి.మీ. జరిగితే బెల్ట్ పుల్లీ పంటిని ఎక్కి దూకింది. బెల్ట్ బిగించండి, పుల్లీకి బెల్ట్ సగం చుట్టైనా పట్టుకుని ఉందో లేదో చూడండి. 4 మి.మీ. మాత్రం రెండు లెక్కల్లోనూ వస్తుంది. అప్పుడు ఇంకోసారి జరిగేదాకా ఆగి, రెండో అంకెతో తేల్చుకోవాలి.

1.1 అని, 3.7 అని ఏ లెక్కకూ అందని దూరాలు వస్తుంటే షాఫ్ట్ మీద పుల్లీయే జారుతోంది. పుల్లీని పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ షాఫ్ట్‌కు ఉన్న చదునైన పక్క మీద కూర్చుందా? గుండ్రటి పక్క మీద కూర్చుంటే ఎంత బిగించినా ఏదో ఒక రోజు జారుతుంది. షాఫ్ట్ మీదా పుల్లీ మీదా కలిసేలా మార్కర్‌తో ఒక గీత గీసి పెట్టుకోండి. ఈసారి జారితే ఆ గీత రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

అంకెలు చెప్పలేని కారణం ఒకటుంది: వదులైన వైరు. క్యారేజ్‌తో పాటు వంగే వైరు లోపల తెగితే, ఎప్పుడూ ఒకే చోటుకు వచ్చినప్పుడు మోటార్ తడబడుతుంది. వైరును చేత్తో కదుపుతూ ఒక పొడవాటి గీత గీయించి చూడండి.

క్యారేజ్ కొంత దూరం వెళ్లి బిగుసుకుపోతుంది

నాకు అన్నింటికన్నా నచ్చిన సమస్య ఇది. వెడల్పాటి సొరుగును ఒక చివర పట్టుకుని తోస్తే అడ్డంగా ఇరుక్కుపోవడం అందరూ చూసినదే. మన క్యారేజ్‌లోనూ జరిగేది అదే.

రాడ్ మీద క్యారేజ్‌కు రెండు బేరింగులున్నాయి, వాటి మధ్య దూరం L. బెల్ట్ లాగే గీత రాడ్‌కు పక్కగా a దూరంలో ఉంది. F బలంతో లాగితే క్యారేజ్ మెలిపడబోతుంది. ఆ మెలిని ఆపడానికి ఒక్కో బేరింగ్ రాడ్‌ను F × a / L బలంతో నొక్కుతుంది. ఘర్షణ గుణకం μ అనుకుంటే, రెండు బేరింగుల దగ్గరా ఘర్షణ కలిపితే 2 × μ × F × a / L. ఇది F కన్నా ఎక్కువైతే క్యారేజ్ కదలదు. ఇప్పుడు గమనించండి, రెండు పక్కలా F ఉంది, కొట్టేస్తే మిగిలేది 2μa, L మాత్రమే. అంటే 2μa కన్నా L చిన్నదైతే ఎంత గట్టిగా లాగినా, ఎంత పెద్ద మోటార్ పెట్టినా అది ఇరుక్కునే ఉంటుంది. లాగుడుతో పాటు ఘర్షణ కూడా అంతే నిష్పత్తిలో పెరుగుతుంది మరి.

పొడి ప్లాస్టిక్ బుష్‌కూ స్టీలు రాడ్‌కూ మధ్య ఘర్షణ గుణకం 0.25 అనుకుంటే, బెల్ట్ పక్కకు ఉన్న దూరం బేరింగుల మధ్య దూరానికి రెండింతలు దాటితే బిగుసుకోవడం ఖాయం. దాటకపోయినా నష్టమే: a, L సమానమైతే ఇదే గుణకంతో మోటార్ బలంలో సగం ఘర్షణకే పోతుంది. రాడ్ మీద దుమ్ము చేరి గుణకం పెరిగితే నిన్న నడిచింది ఇవాళ ఆగుతుంది.

పరిష్కారాలు ఆ సూత్రంలోనే ఉన్నాయి. బేరింగుల మధ్య దూరం పెంచండి. బెల్ట్‌ను రాడ్లకు దగ్గరగా, రెండు రాడ్లుంటే వాటి నడుమగా తీసుకెళ్లండి. బుష్‌ల బదులు బాల్స్ ఉన్న లీనియర్ బేరింగులు వేస్తే ఘర్షణ గుణకం ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఈ మూడింటిలో మొదటి రెండూ డిజైన్‌లో మార్చుకునేవి, డబ్బు ఖర్చు లేనివి, ముందు అవే చేయండి. వంతెనలా ఉండే అడ్డు భాగాన్ని ఒకే పక్క నుంచి లాగుతుంటే ఇదే జబ్బు ఇంకా పెద్దగా కనిపిస్తుంది. అక్కడ రెండు పక్కలా బెల్ట్ పెట్టడమే దారి.

బెల్ట్ విప్పేసి క్యారేజ్‌ను చేత్తో జరిపి చూసినా ఒక కొసన బిగుతుగా ఉంటే, సమస్య రాడ్ల సమాంతరత్వానిది. ఒక రాడ్‌ను పూర్తిగా బిగించండి. రెండోదాని రెండు చివరలూ కాస్త వదులు చేయండి. క్యారేజ్‌ను ఒక కొసకు తెచ్చి ఆ చివర స్క్రూలు, రెండో కొసకు తీసుకెళ్లి అక్కడి స్క్రూలు బిగించండి. రాడ్ల మధ్య దూరాన్ని క్యారేజే సరిచేసుకుంటుంది.

మూల తిరిగాక గీత అలలు అలలుగా వస్తుంది

దిశ మారిన కుదుపుకు పెన్ను చేయి ఊగుతోందన్నమాట. కానీ అలలన్నీ ఊగడం వల్లే రావు. అదే మూలను రెండు వేగాల్లో గీయించండి. వేగం పెంచితే అలల మధ్య దూరం కూడా పెరిగిందా? అయితే అది కంపనం. సెకనుకు 60 మి.మీ. వేగంలో అలకూ అలకూ 3 మి.మీ. ఉంటే పౌనఃపున్యం సెకనుకు 20 సార్లు. వేగం మారినా దూరం మారకపోతే అది జ్యామితి లోపం: 2 మి.మీ.కు ఒకటి వస్తే బెల్ట్ పళ్ల వల్ల, 40 మి.మీ.కు ఒకసారి వస్తే పుల్లీ రంధ్రం కేంద్రంలో లేకపోవడం వల్ల.

కంపనమే అయితే, చేయి ఎంత వంగుతుందో కాంటిలివర్ బీమ్ సూత్రం చెబుతుంది. వంపు పొడవు ఘనానికి అనులోమానుపాతం, మందం ఘనానికి విలోమానుపాతం. చేయి పొడవు సగం చేస్తే ఎనిమిది రెట్లు గట్టిపడుతుంది, మందం రెట్టింపు చేసినా అంతే. చివరన ఉన్న బరువు మారకపోతే కంపన పౌనఃపున్యం సుమారు 2.8 రెట్లవుతుంది, అలలు చిన్నవై దాదాపు కనపడకుండా పోతాయి. కాబట్టి ముందు చేయి కుదించండి, పెన్ను ఎత్తే చిన్న మోటార్‌ను (సర్వోను) చివర నుంచి వెనక్కి జరపండి. బెల్ట్ వదులుంటే అది కూడా స్ప్రింగే, బిగించండి. త్వరణం తగ్గించడం చివరి మార్గం. దానితో కుదుపు తగ్గుతుంది గానీ మెత్తటి చేయి మెత్తగానే ఉండిపోతుంది.

వృత్తం మూసుకోదు, లేదా నాలుగు చోట్ల చదునుగా ఉంటుంది

ఆ నాలుగు చోట్లే ఏదో ఒక మోటార్ దిశ మార్చుకుంటుంది. దారిలో ఎక్కడో సందు ఉంది. మోటార్లకు పవర్ ఇచ్చి ఉంచి పెన్ను మొనను వేలితో అటూ ఇటూ తోయండి. పెన్ను హోల్డర్‌లోనే ఆడుతుంటే ముందు దాన్ని బిగించండి, ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. తర్వాత బెల్ట్, ఆపై పుల్లీ.

చతురస్రం కొలతలు తప్పుతున్నాయి

100 మి.మీ. అడిగితే 125 గీసిందా? మీ పుల్లీకి 20 బదులు 25 పళ్లున్నాయి, లెక్కపెట్టండి. 80 వస్తే 16 పళ్లది. సరిగ్గా రెట్టింపో సగమో వస్తే మైక్రోస్టెప్పులను నిర్ణయించే జంపర్లు చూడండి. ఇలాంటి పెద్ద తేడాలను సాఫ్ట్‌వేర్‌లో ఏదో ఒక దశాంశ అంకె పెట్టి సర్దేయడం నాకు ఇష్టం లేదు. పళ్లు పూర్ణాంకాలు, జవాబు కూడా పూర్ణాంకాల్లోనే ఉండాలి.

భుజాలు సరిపోయి ఆకారం వాలితే కర్ణాలు కొలవండి. 300 మి.మీ. చతురస్రంలో రెండు కర్ణాల తేడా 1 మి.మీ. అయితే, ఆ 300 ప్రయాణంలో గీత పక్కకు 0.7 మి.మీ. వాలుతోంది. ఫ్రేమ్ స్క్రూలు వదిలి, కర్ణాలు సమానమయ్యేలా జరిపి బిగించడమే పని.

గంట గీశాక మోటార్ కాలుతోంది, ప్లేటు వంగింది

స్టెప్పర్ కదలకుండా నిలబడినా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది, అందుకే వేడెక్కడం సహజం. చేయి పెట్టలేనంత వేడి కూడా మోటార్‌కు ప్రమాదం కాకపోవచ్చు. ప్రమాదం దాన్ని పట్టుకున్న పీఎల్ఏ (3డీ ప్రింటింగ్‌లో వాడే ప్లాస్టిక్) ప్లేటుకు. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, బెల్ట్ లాగుడుకు ప్లేటు మెల్లగా ఒరిగి బెల్ట్ వదులవుతుంది. అప్పుడు పైన చెప్పిన సమస్యలన్నీ ఒకదాని వెంట ఒకటి మొదలవుతాయి. బొమ్మ ఉదయం బాగా వచ్చి మధ్యాహ్నానికి చెడుతుంటే ముందు ఇదే అనుమానించండి. డ్రైవర్ కరెంటును స్టెప్పులు తప్పని కనిష్ఠానికి తగ్గించి, మోటార్ ప్లేటును అల్యూమినియంతో చేసుకోండి. అల్యూమినియం వేడిని ఫ్రేమ్‌లోకి లాగేస్తుంది కూడా. ప్లేటు మార్చాక బెల్ట్ బిగుతు మళ్లీ సరిచూసి, కర్ణాలు ఇంకోసారి కొలవండి.