కాలేజీ సాకర్ మ్యాచ్‌లు: టికెట్ ధర, జనం, సందడి – అమెరికాకు కొత్తగా వచ్చిన విద్యార్థులకు సూచనలు

ఆగస్టులో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేరే మన విద్యార్థులకు మొదటి నెల అంతా అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, కోర్సుల నమోదు, క్యాంపస్‌లో చిన్న ఉద్యోగం కోసం ప్రయత్నాలతోనే గడిచిపోతుంది. మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆటను ఇక్కడ సాకర్ అంటారు. కాలేజీ సాకర్ సీజను మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే. ఆగస్టు చివరి రోజుల నుంచి నవంబరు మొదటి వారం దాకా చాలా వారాల్లో పురుషుల జట్టో మహిళల జట్టో ఏదో ఒక సాయంత్రం క్యాంపస్‌లోనే ఆడుతుంది. అయినా మనవాళ్ళలో చాలామంది మొదటి సంవత్సరం ఒక్క మ్యాచ్ కూడా చూడరు. ఆసక్తి లేక కాదు, టికెట్ ఎంత ఉంటుందోనన్న సంకోచం వల్ల. ఆ సంకోచం చాలాచోట్ల అనవసరమని చెప్పడం ఈ సూచనల మొదటి ఉద్దేశం. ధర తక్కువగా ఉన్నంత మాత్రాన స్టాండ్లు వాటంతటవే నిండవనీ, వాటిలో సందడి పుట్టాలంటే మీవంటివారు వచ్చి కూర్చోవాలనీ చెప్పడం రెండవది.

కొత్తగా వచ్చినవారు ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చి చూసుకోవడం సహజం. పది డాలర్లంటే ఎనిమిది వందల రూపాయలకు పైమాటే గనుక, ఆ డబ్బుతో వారానికి సరిపడా కూరగాయలు వస్తాయన్న లెక్క వెంటనే మనసులో మెదులుతుంది. పైగా బంతిని చేతులతో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న జట్ల టికెట్లు పదుల నుంచి వందల డాలర్ల దాకా పలుకుతాయని సీనియర్లు చెబితే విని, ఇక్కడ అన్ని ఆటలూ అంతేనని అనుకుంటారు. సాకర్ సంగతి వేరు. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి గుర్తింపు కార్డు చూపిస్తే మామూలు సీజను మ్యాచ్‌లకు ప్రవేశం ఉచితం. బయటివారికి టికెట్ పెట్టే చోట్ల కూడా అది చాలావరకు ఐదు నుంచి పదిహేను డాలర్ల మధ్యనే ఉంటుంది. చిన్న కాలేజీలు కొన్నిటిలో గేటు దగ్గర టికెట్ అడిగే మనిషే ఉండడు. మీ సెమిస్టరు ఫీజు బిల్లును ఒకసారి పై నుంచి కింది దాకా చదవండి. అనేక ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో క్రీడల విభాగం పేరుతోనో, విద్యార్థి కార్యకలాపాల పేరుతోనో తప్పనిసరి రుసుము ఒకటి అందులో కనిపిస్తుంది. మైదానానికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ డబ్బు మీరు కడుతూనే ఉంటారు. కాబట్టి గేటు దగ్గర ఉచితమనిపించే సీటును నిజానికి మీరు ముందే కొనుక్కున్నారు.

ధర ఇంత తక్కువగా పెట్టడం వెనక లెక్క ఉంది. ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షకు పైగా సీట్లుంటే, అదే విశ్వవిద్యాలయపు సాకర్ స్టేడియంలో ఉన్నవి సుమారు రెండు వేలు. మొదటిది క్రీడల విభాగాన్ని పోషించే ఆదాయ వనరు. రెండవదానికి ప్రయాణాలు, స్కాలర్‌షిప్పులు, కోచ్‌ల జీతాల మీద పెట్టే ఖర్చు ముందు గేటు వసూళ్ళు చాలా చిన్న మొత్తం. టికెట్ మీద నాలుగు డాలర్లు పెంచితే బడ్జెట్‌లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాదు గాని, నలుగురున్న కుటుంబం ఆ పెంపు చూసి ఇంట్లోనే ఉండిపోవచ్చు. జట్టులో చేరాలా వద్దా అని చూడవచ్చిన హైస్కూలు ఆటగాడికి ఖాళీ బెంచీలు కనిపిస్తే ఆ నష్టం నాలుగు డాలర్లతో పూడేది కాదు. అందుకే ఎక్కువ విశ్వవిద్యాలయాలు గేటు డబ్బు కన్నా జనమే ముఖ్యమని నిర్ణయించుకున్నాయి. ఆ నిర్ణయం సరైనదని నా గట్టి నమ్మకం.

అయితే ధరను సున్నా చేస్తే స్టాండ్లు నిండిపోతాయన్నది కూడా నిజం కాదు. హాల్ ఆర్క్స్, కాథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు 1985లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఇక్కడ పనికివస్తుంది. ఒహాయో విశ్వవిద్యాలయపు నాటకశాలకు సీజను టికెట్లు కొనడానికి వచ్చినవారిలో కొందరికి పూర్తి ధర 15 డాలర్లకూ, కొందరికి 2 డాలర్ల తగ్గింపుతోనూ, మరికొందరికి 7 డాలర్ల తగ్గింపుతోనూ, ఎవరికి ఏ ధర అన్నది ముందుగా ఎంచుకోకుండా యాదృచ్ఛికంగా, వాళ్ళు టికెట్లు అమ్మించారు. సీజను మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవారే ఎక్కువ నాటకాలకు హాజరయ్యారు. రెండవ సగానికి ఆ తేడా చెరిగిపోయింది. చేతి నుంచి డబ్బు పెట్టిన మనిషి దాన్ని వృథా చేసుకోవడానికి ఇష్టపడడు. ఏమీ పెట్టనివాడికి చినుకు పడినా, మర్నాడు అసైన్‌మెంట్ ఉన్నా ఆగిపోవడానికి అది చాలు.

సాకర్ మైదానంలో ఇది కళ్ళముందే జరుగుతుంది. సెప్టెంబరులో మొదటి రెండు వందలమంది విద్యార్థులకు టీషర్టు ఇస్తామనో, పిజ్జా పెడతామనో ప్రకటిస్తే మ్యాచ్‌కు అరగంట ముందే గేటు బయట పెద్ద వరుస కనిపిస్తుంది. టీషర్టు చేతికి అందినవారిలో చాలామంది మొదటి సగం ముగిసేలోగా ఫోను చూసుకుంటూ మెట్లు దిగిపోతారు. ప్రకటించిన హాజరులో వారూ లెక్కకు వస్తారు, కాని రెండవ సగంలో జట్టు ఒక గోల్ వెనకబడి ఉన్నప్పుడు అరవడానికి వారు అక్కడ ఉండరు. అక్టోబరు చివర చలి మొదలయ్యాక, మంగళవారం రాత్రి ఏడు గంటలకు అల్యూమినియం బెంచీల మీద మిగిలేవారే ఆ జట్టుకు అసలైన ప్రేక్షకులు. వారిలో సీజను పాస్ కొనుక్కున్న ఊరివారు ఉంటారు, ఆటగాళ్ళ తల్లిదండ్రులు ఉంటారు, గోల్ వెనక డప్పు పట్టుకుని నిలబడే పాతిక ముప్ఫైమంది విద్యార్థులు ఉంటారు. హాజరు అంకె చూసి మైదానంలో సందడి ఎంత ఉందో అంచనా వేయలేమని అక్కడ అర్థమవుతుంది.

కొద్దిపాటి ధర పెట్టిన చోట స్టాండ్ల తీరు మరోలా ఉంటుంది. స్థానిక క్లబ్బుల్లో ఆడే పిల్లలు తమ జట్టు చొక్కాలతో గుంపులుగా వస్తారు. వారి వెంట వచ్చిన పెద్దలు సమయానికి కూర్చుని చివరిదాకా చూస్తారు, విరామంలో తినుబండారాలు కొంటారు, మ్యాచ్ అయ్యాక కంచె దగ్గర ఆటగాళ్ళ సంతకాల కోసం పిల్లలను నిలబెడతారు. ప్రశాంతంగా ఆట చూడాలనుకునేవారికి, చిన్నపిల్లలున్న వివాహిత విద్యార్థులకు ఈ వైపు స్టాండు హాయిగా ఉంటుంది. ఐదు డాలర్లు పెట్టగానే ఊరివారి ఓపిక పెరుగుతుంది, ఇరవై పెడితే ఆ పిల్లల గుంపు రావడం మానేస్తుంది. ఈ రెండింటి మధ్య సరైన చోటు వెతకడమే టికెట్ అమ్మేవారి నేర్పు. విద్యార్థులకు ఉచితం, ఊరివారికి తక్కువ ధర, సీజను పాస్ కొన్నవారికి ఇంకా తక్కువ అన్న పద్ధతి ఇన్నిచోట్ల నిలబడిందంటే కారణం అదే.

ధర దారి తెరుస్తుంది గాని, గొంతు మాత్రం ఆ ఊరు, ఆ పోటీ ఇస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా క్యాంపస్‌లోని హార్డర్ స్టేడియం ఇందుకు మంచి ఉదాహరణ. 2010 సెప్టెంబరులో యూసీఎల్‌ఏతో జరిగిన మ్యాచ్‌కు అక్కడ 15 వేలమందికి పైగా వచ్చారు. వేలాదిమంది విద్యార్థులు కాపురముండే ఐలా విస్టా నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది, 2006లో జట్టు జాతీయ టైటిల్ గెలిచింది, పాత ప్రత్యర్థి అయిన కాల్ పాలీ విశ్వవిద్యాలయంతో పోటీ అంటే ఊరు ఊరంతా కదులుతుంది. గోల్ పడితే స్టాండ్ల నుంచి టోర్టియాలు (చపాతీల్లాంటి మెక్సికన్ రొట్టెలు) గాలిలోకి ఎగిరి మైదానంలో పడతాయి. సెయింట్ లూయిస్ కథ ఇంకా పాతది. పురుషుల కాలేజీ సాకర్‌లో ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ క్రీడలను నిర్వహించే జాతీయ సంస్థ) మొదటి జాతీయ టోర్నమెంటు 1959లో జరిగితే దాన్ని గెలిచింది సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం. 1973 నాటికి ఆ జట్టు పది టైటిళ్ళు సాధించింది. 1980లో పొరుగునున్న ఎడ్వర్డ్స్‌విల్ జట్టుతో బుష్ స్టేడియంలో ఆడినప్పుడు 22 వేలమందికి పైగా చూశారు. చర్చి పారిష్‌ల పిల్లల లీగుల్లో తరాల తరబడి ఆడిన ఊరు కాబట్టి ఆ జనం వచ్చారు. వాడవాడలా ఆట పాతుకుపోతే ఏమవుతుందో హైదరాబాదువారికి వేరే చెప్పనక్కరలేదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినప్పుడు, ఆ రెండు జట్లలోనూ సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం ఉన్నారు.

ఇక మీరు వెళ్ళే పద్ధతి గురించి. సెమిస్టరు మొదట్లోనే క్రీడల విభాగం వెబ్‌సైటులో షెడ్యూలు చూసి, పాత ప్రత్యర్థితో క్యాంపస్‌లో జరిగే మ్యాచ్‌ను మీ మొదటి మ్యాచ్‌గా ఎంచుకోండి. స్టాండ్లు సగానికి పైగా నిండే రోజు అదే కావచ్చు. ఉచిత ప్రవేశమున్నా కొన్నిచోట్ల యాప్‌లో ముందుగా టికెట్ తీసుకోవాలి, మరికొన్నిచోట్ల గేటు దగ్గర కార్డు స్కాన్ చేస్తే చాలు. పారదర్శకమైన సంచులను మాత్రమే అనుమతించే స్టేడియాలు చాలా ఉన్నాయి కాబట్టి ల్యాప్‌టాప్ సంచితో తరగతి నుంచి నేరుగా వెళ్ళి తిరిగి రావలసిన పరిస్థితి తెచ్చుకోకండి. మీ కార్డును ఇంకొకరికి ఇవ్వడం, ఉచితంగా వచ్చిన టికెట్‌ను అమ్ముకోవడం క్రమశిక్షణ చర్యకు దారితీయవచ్చు. అమ్మానాన్నలు చూడటానికి వచ్చిన సమయంలో మ్యాచ్ ఉంటే వారికి విడిగా టికెట్ కొనండి, పెద్దవయసువారికి తగ్గింపు ఉందేమో అడగండి.

విద్యార్థుల విభాగం సాధారణంగా గోల్ వెనకో, సందర్శక జట్టు బెంచీకి దగ్గరగానో ఉంటుంది. ఒంటరిగా వచ్చానని మొహమాటపడకుండా అక్కడికే వెళ్ళండి. నినాదాలు రెండు మ్యాచ్‌ల్లో నోటికి వస్తాయి, పక్కనున్నవారితో పరిచయం అంతకంటే ముందే అవుతుంది. ఒక్క హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. కాలేజీ సాకర్‌లో అనేక దేశాల నుంచి వచ్చిన ఆటగాళ్ళు ఉంటారు. ప్రత్యర్థిని ఆట విషయంలో ఏడిపించడం వేరు, అతని రంగును, దేశాన్ని, ఉచ్చారణను వెక్కిరించడం వేరు. అలాంటి కేకలో మీ గొంతు కలపకండి. మైదానంలోకి ఏదీ విసరకండి, ఎదురుగా ఎవరు విసిరినా సరే. టీవీలో యూరప్ లీగులు చూసినవారికి నియమాల్లో కొన్ని తేడాలు కనిపిస్తాయి: బయటికి వెళ్ళిన ఆటగాడు పరిమితుల మేరకు తిరిగి రావచ్చు, 2022 నుంచి మామూలు సీజనులో అదనపు సమయం లేదు కాబట్టి సమంగా ఉంటే డ్రాగానే ముగుస్తుంది.

మహిళల మ్యాచ్‌లను రెండవ తరగతివిగా చూడకండి. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన 1972 నాటి టైటిల్ నైన్ చట్టం తర్వాత మహిళల సాకర్ ఇక్కడ వేగంగా ఎదిగింది. 1982లో మొదలైన ఎన్‌సీఏఏ మహిళల టోర్నమెంటును నార్త్ కరొలైనా జట్టు 2024 నాటికి 22 సార్లు గెలిచింది, అమెరికా మహిళల సాకర్‌లో ప్రసిద్ధురాలైన మియా హామ్ కాలేజీలో ఆడింది ఆ జట్టుకే. కొన్ని క్యాంపస్‌లలో పురుషుల మ్యాచ్ కంటే మహిళల మ్యాచ్‌కే ఎక్కువమంది వస్తారు. మన అమ్మాయిలు స్నేహితురాళ్ళతో కలిసి వెళ్ళడానికి ఇవి ఎంతో అనువైన సాయంత్రాలు.

నవంబరులో లెక్క మారుతుంది. జాతీయ టోర్నమెంటు మ్యాచ్ మీ క్యాంపస్‌లో జరిగినా అది ఎన్‌సీఏఏ నిర్వహించే మ్యాచ్, వసూళ్ళ లెక్క వారికి చెప్పాలి. అందువల్ల సీజను పాస్‌లు, విద్యార్థుల ఉచిత ప్రవేశం చాలాచోట్ల అప్పుడు చెల్లవు. సీజనంతా ఊరకే చూసిన విద్యార్థికి ఒక్కసారిగా ధర కనిపించేసరికి వెనకడుగు వేస్తాడు. దానికి తోడు థాంక్స్‌గివింగ్ సెలవులు వచ్చి క్యాంపస్ ఖాళీ అవుతుంది. గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి అన్న మ్యాచ్‌ను సెప్టెంబరు కన్నా తక్కువమంది చూడవలసి రావడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. కొన్ని క్రీడల విభాగాలు మొదటి కొన్ని వందలమంది విద్యార్థుల టికెట్లు తామే కొని పంచుతాయి కాబట్టి మీ విశ్వవిద్యాలయ ఈమెయిల్‌ను ఆ వారం జాగ్రత్తగా చూడండి. అలా దొరకకపోతే ఆ ఒక్కసారికి డబ్బు పెట్టండి. అమెరికన్ సహవిద్యార్థులు ఇళ్ళకు వెళ్ళిపోయిన ఆ వారాంతంలో ఊళ్ళో ఉండేది ఎక్కువగా మనవంటి విదేశీ విద్యార్థులే. రూమ్మేట్లు నలుగురూ కలిసి వెళితే ఆ స్టాండులో నలుగురి గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. మందపాటి కోటు, టోపీ, చేతి తొడుగులు వేసుకోండి, లోహపు బెంచీ మీద పరుచుకోవడానికి దుప్పటి ఒకటి పట్టుకెళ్ళండి. సెలవుల్లో క్యాంపస్ బస్సులు తక్కువగా తిరుగుతాయి కాబట్టి, రాత్రి తిరిగి రావడం ఎలాగో బయలుదేరే ముందే చూసుకోండి.