హంతకుడి గుణం నుంచి మొదలుపెట్టండి: పాత్రలతో నడిచే మిస్టరీ నవల రాసే పద్ధతి

మిస్టరీ రాయాలని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు హత్య ఎలా జరిగిందో ఆలోచిస్తారు. లోపల గడియ పెట్టిన గది, మాయమైన కత్తి, ఆగిపోయిన గడియారం. ఆ ముడి విప్పాక పుస్తకంలో ఇంకేమీ మిగలదు. మనుషుల మీద నిలబడ్డ మిస్టరీని మాత్రం హంతకుడెవరో తెలిశాక కూడా మళ్లీ చదువుతాం. ఈసారి అతను మాట్లాడిన ప్రతి మాటా వేరేగా వినిపిస్తుంది.

అందుకని ముందు హంతకుడికి ఒక గుణం ఇవ్వండి. అది మంచి గుణమైతే మరీ మంచిది. ఆ గుణమే హత్య దాకా తీసుకెళ్లాలి, చివరికి అదే పట్టివ్వాలి. ఒక కథ కట్టి చూద్దాం. పాలకొల్లు దగ్గర ఒక రైస్ మిల్లు, అందులో 30 ఏళ్లుగా లెక్కలు రాస్తున్న గుమస్తా. పైసా తేడా రానివ్వడు. యజమాని తన అల్లుడు చేసిన దొంగలెక్కను పదిమందిలో ఇతని నెత్తిన రుద్దుతాడు. ఆ రాత్రి మిల్లులో మాటామాటా పెరిగి యజమాని చనిపోతాడు. ఇంటికి పోవడానికి గుమస్తా జేబులో చిల్లర ఉండదు. మిల్లు పెట్టెలోంచి 60 రూపాయలు తీసి ఆటోవాడికిస్తాడు. పొద్దున్నే చిట్టాలో ఆ 60 రాసేస్తాడు. రాయకుండా ఉండలేడు.

ఈ ఆధారాన్ని దాచకూడదు, పాఠకుడి కళ్లముందే పెట్టాలి. ‘కూలీల టీ 120, పురికోస 85, ఆటో కిరాయి 60, డీజిల్ 900’. జాబితాలో మొదటిదీ చివరిదీ గుర్తుంటాయి, మధ్యలోది జారిపోతుంది. ఆ వెంటనే ఒక గొడవో ఫోనో రావాలి. ఇలాంటి ఆధారాలు కనీసం 3 ఉండాలి, ఒక్కటే ఉంటే అది తప్పిపోయిన పాఠకుడికి ముగింపు అన్యాయంగా తోస్తుంది.

అనుమానితులు 4 నుంచి 6 మంది చాలు. అందరూ అబద్ధమాడాలి, ఎవరి కారణం వాళ్లది. అల్లుడు భార్య నగలు కుదువపెట్టిన సంగతి దాస్తాడు. వాచ్‌మన్ ఆ రాత్రి సెకండ్ షోకు వెళ్లాడు, ఉద్యోగం పోతుందని చెప్పడు. కూతురు భర్తను కాపాడుకోవడానికి అతను ఇంట్లోనే ఉన్నాడంటుంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే: అబద్ధం బయటపడగానే ఆ మనిషిని కథలోంచి తీసేస్తారు. నగల సంగతి తెలిశాక ఆ కూతురు మొగుడితో ఒకే కంచంలో ఎలా తింటుంది? ఆ సన్నివేశం రాయండి. నవలకు బలం అక్కడుంది.

పరిశోధించే మనిషికి తెలివితోపాటు ఒక గుడ్డిచోటు కావాలి. మన కథలో ఆమె ఆడిటర్ ఆఫీసులో పనిచేసి రిటైరైంది అనుకుందాం. వాళ్ల నాన్న కూడా గుమస్తానే. ఆ చిట్టా పేజీని రెండో రోజే చూస్తుంది, రాసిన చేతిమీద గౌరవంతో తిప్పేస్తుంది. ఆలస్యానికి కారణం ఆమె స్వభావమే కాబట్టి రచయిత కావాలని సాగదీశాడని ఎవరూ అనరు.

1929లో ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. మొదటిది: హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలి, కానీ అతని మనసులోని ఆలోచనలు పాఠకుడికి తెలియనిచ్చి ఉండకూడదు. 250 పేజీల నవలైతే మొదటి 40 పేజీల్లో గుమస్తా రావాలి. అతన్ని మిగతావాళ్ల కళ్లతోనే చూపించాలి. ఒక్క పేరా అతని తలలోకి దూరినా, హత్య గురించి అక్కడ ఆలోచించకపోతే అది మోసమవుతుంది.

రాత మొదలుపెట్టేముందు రెండు కాగితాలు సిద్ధం చేసుకోండి. ఒకటి, హత్యరాత్రి ఎవరెక్కడున్నారో 15 నిమిషాలకొకసారి రాసిన పట్టీ. రెండోది, హంతకుడు తన మాటల్లో చెప్పుకున్న రెండు పేజీలు. ఇది నవలలోకి రాదు, కానీ అతని నోటి ప్రతి మాటకూ కొలబద్ద ఇదే.

ముగింపులో హంతకుడు పోలీసుల ముందు ఏడ్చి ఒప్పుకోవడంతో సరిపెట్టొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా వాడలేరు (పాత చట్టంలోనూ అంతే). అందుకే చేతికందే ఆధారం ఉండాలి: చిట్టా పేజీ, ఆటోవాడి సాక్ష్యం.

రాశాక ఒకరికిచ్చి, ముప్పావు వంతు దగ్గర ఆపించి ‘ఎవరిమీద అనుమానం, ఎందుకు?’ అని అడగండి. ‘ఎవరూ అనుమానించని మనిషి కదా, అందుకు’ అంటే పాత్ర ఇంకా బొమ్మగానే ఉంది, అతని మొదటి రెండు సన్నివేశాలు తిరగరాయండి. ‘ఆ మనిషి అవమానం మరిచిపోయే రకం కాదు’ అంటే పాత్ర నిలబడింది. హంతకుడు ముందే దొరికిపోయాడు కాబట్టి ఆధారాలు మాత్రం ఒకటి రెండు చోట్ల మిగతా వివరాల మధ్య మరికాస్త కలిసిపోయేలా పెట్టాలి.